అప్పు తెచ్చి పొదుపు చేయవచ్చునా?

తక్కువ వడ్డీకి తెచ్చి ఎక్కువ వడ్డీకి ఇచ్చుట వర్తకమంత పాత విద్య. బ్యాంకులు బ్రతుకుచున్నది దానిమీదనే. డిపాజిటుదారునకు ఒక వడ్డీ ఇచ్చి, ఋణము తీసికొన్నవానివద్ద మరియొక వడ్డీ పుచ్చుకొని, నడుమనున్న తేడాతో అవి జీతములు చెల్లించుచు, లాభములు కూడ చూపుచున్నవి. అట్లయినచో ఈ పనిని సామాన్య గృహస్థుడు తాను చేయరాదా? బ్యాంకువద్దనే చవుకగా అప్పు తీసికొని, ఆ సొమ్మునే పొదుపు ఖాతాలోనో గడువు డిపాజిటులోనో వేసి, రెండు వడ్డీల నడుమనున్న తేడాను తన పెట్టెలో దాచుకొనరాదా? ఈ ప్రశ్న వినుటకు చమత్కారముగా నుండును. కాని ఇది నిజమునకు ఒక లెక్క. లెక్క కనుక దానిని లెక్కగానే పరిశీలింతము.

ఇందుకు మేము ఎన్నుకొన్న చోటు గుమ్మలక్ష్మీపురము. తూర్పు కనుమలలో, ఒడిశా సరిహద్దునకు చేరువగా నున్న మండల కేంద్రమిది. 1979 వరకు శ్రీకాకుళం జిల్లాలోను, ఆ తరువాత విజయనగరం జిల్లాలోను ఉండి, 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది. చుట్టుపట్ల కొండలలో జాతాపులు, సవరలు నివసింతురు. కొండవాలున పోడు, పల్లమున వరి, మెట్టను జీడిమామిడి, ఇంటింటికి చింతచెట్టు – ఇదే వారి సిరి. వడ్డీలను గూర్చి మాటలాడుటకు మహానగరములను విడిచి మన్యమునకు ఏల పోవలెనని పాఠకులు అడుగవచ్చును. కారణమున్నది. బ్యాంకు వడ్డీ, మహిళా సంఘపు వడ్డీ, షావుకారు వడ్డీ అను మూడును ఒకే కుటుంబమును ఒకే సంవత్సరములో తాకునట్టి చోటు ఇది. ఈ మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు గాని మన ప్రశ్నకు సరియైన సమాధానము దొరకదు.

ముందుగా ఓవర్‌డ్రాఫ్టు అనగా నేమో తెలిసికొందము. ఖాతాలో నున్న సొమ్ముకంటె ఎక్కువ తీసికొనుటకు బ్యాంకు ఇచ్చు అనుమతియే ఓవర్‌డ్రాఫ్టు. దానికొక పరిమితి యుండును. ఆ పరిమితికి లోబడి ఎంత వాడిన అంతకే, ఎన్ని దినములు వాడిన అన్ని దినములకే వడ్డీ పడును. తిరిగి చెల్లించినచో మరల తీసికొనవచ్చును. 1728లో ఎడింబరో నగరమున రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండు విలియం హాగ్ అను వర్తకునకు ఇట్టి వసతి కల్పించినది. సరకు అమ్ముడుపోక మునుపే తాను చెల్లింపవలసిన సొమ్ము మీదపడుటయే ఆ వర్తకుని కష్టము. సొమ్ము వచ్చు దినమునకు, పోవు దినమునకు నడుమనున్న ఎడమును దాటించుటకు పుట్టినదే ఓవర్‌డ్రాఫ్టు. ఈ పుట్టుకను పాఠకులు గుర్తుంచుకొందురుగాక. చివర దీనితో మనకు పని యున్నది.

మనదేశములో ఈ వసతి చిరకాలము వర్తకులకు, ఉద్యోగులకు మాత్రమే పరిమితమై యుండెను. 2014 ఆగస్టు 28వ తేదీన ఆరంభమైన ప్రధానమంత్రి జన్ ధన్ యోజనతో చిన్న ఖాతాదారులకు కూడ ఇది అందుబాటులోనికి వచ్చినది. మొదట 5,000 రూపాయలుగా నున్న ఓవర్‌డ్రాఫ్టు పరిమితిని 2018లో 10,000 రూపాయలకు పెంచిరి. అందులో 2,000 వరకు షరతులు లేవు. ఆపైన ఖాతా సక్రమముగా నడచినదా యని బ్యాంకు చూచును. రైతునకు కిసాన్ క్రెడిట్ కార్డు ఇట్టిదే. 1998లో మొదలైన ఈ కార్డు ఖాతా కూడ పరిమితిలోపల తీసికొనుచు, వేయుచు నడుపుకొనదగిన ఖాతాయే.

ఇక పొదుపు ఖాతా సంగతి. 2010 మార్చి వరకు ఈ ఖాతాపై వడ్డీ కట్టు పద్ధతి ఖాతాదారునకు నష్టకరముగా నుండెడిది. నెలలో 10వ తేదీనుండి ఆఖరు తేదీవరకు ఖాతాలో నున్న కనిష్ఠ నిలువపై మాత్రమే వడ్డీ లెక్కించెడివారు. 20వ తేదీన ఒక్కదినము సొమ్ము తీసినను ఆ నెల వడ్డీ కుంచించుకొని పోయెడిది. 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి ఏ దినపు నిలువకు ఆ దినమే వడ్డీ కట్టుచున్నారు. 2011 అక్టోబరు 25న ఈ వడ్డీరేటును నిర్ణయించుకొను స్వేచ్ఛను రిజర్వు బ్యాంకు ఆయా బ్యాంకులకే విడిచినది. 2025 జూన్ నెలలో స్టేట్ బ్యాంకు తన పొదుపు ఖాతా వడ్డీని సాలునకు నూటికి రెండున్నర రూపాయలకు దించినది. తపాలా కార్యాలయపు పొదుపు ఖాతాపై 2011నుండి నూటికి 4 రూపాయల వడ్డీ నడచుచున్నది.

ఇప్పుడు రెంటిని ఎదురెదురుగా నిలుపుదము. మామూలు ఓవర్‌డ్రాఫ్టుపై నూటికి 10 రూపాయల వడ్డీ యనుకొందము. పొదుపు ఖాతాపై వచ్చునది రెండున్నర. పదివేలు తీసి పొదుపులో వేసి ఒక సంవత్సరముంచిన గృహస్థుడు 1,000 రూపాయలు చెల్లించి 250 రూపాయలు తెచ్చుకొనును. నికరముగా 750 నష్టము. అంతేకాదు; ఓవర్‌డ్రాఫ్టుపై వడ్డీని సాధారణముగా నెలనెలకు ఖాతాలో వ్రాయుదురు, పొదుపుపై వడ్డీని మూడునెలలకొకమారు జమచేయుదురు. కనుక రెండు రేట్లు సమానమైనను అప్పు వడ్డీయే ముందు నడచును. దీనినిబట్టి ఒక సూత్రము తేలుచున్నది. బయటివారెవరైన అప్పు వడ్డీలో కొంత భారమును మోయుచున్నప్పుడు తప్ప, అప్పు తెచ్చి పొదుపు చేసిన లాభము రాదు.

అట్లు మోయువారు కలరా? కలరు. బ్రిటనులో 2000 తరువాతి సంవత్సరములలో క్రెడిట్ కార్డు సంస్థలు కొత్త ఖాతాదారులను ఆకర్షించుటకై కొన్ని నెలలపాటు సున్నా వడ్డీకి అప్పులిచ్చినవి. విద్యార్థులకు బ్యాంకులు వడ్డీలేని ఓవర్‌డ్రాఫ్టు ఇచ్చినవి. తెలివిగలవారు ఆ సొమ్మును పొదుపు ఖాతాలలో వేసి, గడువు దినమున తిరిగి కట్టి, నడుమ వడ్డీని సంపాదించుకొనిరి. అయితే 2009 మార్చిలో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు తన రేటును నూటికి అర్ధ రూపాయకు తగ్గించగా పొదుపు వడ్డీలును పడిపోయినవి. ఆ లాభము చాలవరకు కరగినది. రెండు వడ్డీల నడుమనున్న సందు మన చేతిలోనిది కాదని దీనివలన తెలియుచున్నది. దానిని తెరచువారు వేరు, మూయువారు వేరు.

మన రాష్ట్రములో ఆ భారమును మోసినది ప్రభుత్వము. మహిళా సంఘముల చరిత్ర తెలుగు ఇండ్లకు కొత్తది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటనుండి లేచిన సారా వ్యతిరేకోద్యమము, దాని వెన్నంటి వచ్చిన పొదుపు ఉద్యమము, తరువాత డ్వాక్రా సంఘములు, 2000లో వెలుగు పథకము – ఇవన్నియు క్రమముగా కొండలకును ఎక్కినవి. 2004లో పావలా వడ్డీ వచ్చినది. పావలా వడ్డీ యనగా నెలకు నూటికి పావలా, సాలునకు 3 రూపాయలు. బ్యాంకు వేసిన వడ్డీలో మిగిలినదానిని ప్రభుత్వము భరించెడిది. 2012 జనవరినుండి గడువులో చెల్లించు సంఘములకు వడ్డీయే లేదన్నారు. రైతుల విషయములో, 2006–07నుండి కేంద్రప్రభుత్వ సాయముతో పంట ఋణముపై వడ్డీని నూటికి 7 రూపాయలకు పరిమితము చేసిరి. గడువులోపల చెల్లించినవారికి 3 రూపాయల రాయితీ కలసి నికరముగా 4 రూపాయలే పడును. ఈ వసతి 3 లక్షల రూపాయల వరకు గల పంట ఋణములకు వర్తించుచు వచ్చినది.

నాలుగు రూపాయలకు అప్పు, ఆరున్నర రూపాయలకు గడువు డిపాజిటు! ఇచ్చటనే మన చమత్కారమునకు ప్రాణము వచ్చినది. ఈ లెక్కను కూడ తుదివరకు చేసి చూతము. ఒక రైతు లక్ష రూపాయలు పంట ఋణము తీసి, పంటకు వినియోగింపక, నూటికి ఆరున్నరకు ఒక సంవత్సరము డిపాజిటు చేసెననుకొందము. ఋణముపై బ్యాంకు మొదట వేయునది 7,000. డిపాజిటుపై వచ్చునది 6,500. ఇంతవరకు 500 నష్టము. గడువు దినమునకు ముందుగా చెల్లించినచో 3,000 రాయితీ వచ్చి, నష్టము 2,500 లాభముగా మారును. గడువు తప్పినచో ఆ 3,000 రాదు. 500 నష్టము నిలిచియుండును. ఆ మీదట 7 రూపాయల రేటును పోయి, బ్యాంకు మామూలు వడ్డీ మొదలగును. కాబట్టి ఆ రైతు సంపాదన యంతయు ఒక్క తేదీమీద ఆధారపడినది. కొండవాగు పొంగి బాట తెగిన దినము, ఇంటిలో జ్వరము తగిలిన దినము, బ్యాంకునకు సెలవైన దినము – ఏ దినమైనను ఆ తేదీ కావచ్చును.

సంఘముల రాయితీకి ఇంకొక మెలిక కలదు. వడ్డీలేని ఋణమనగా బ్యాంకు వడ్డీ వేయదని కాదు. బ్యాంకు వడ్డీ వేయును. ప్రభుత్వము తరువాత ఆ మొత్తమును ఖాతాలో జమచేయును. ఉదాహరణకు, 2019–20 సంవత్సరపు వడ్డీక్రింద సుమారు 1,400 కోట్ల రూపాయలను రాష్ట్రప్రభుత్వము 2020 ఏప్రిల్ 24వ తేదీన సంఘముల ఖాతాలకు విడుదల చేసినది. అనగా సంవత్సరము గడచిన తరువాతనే. నడుమ కాలములో ఆ వడ్డీ భారము సంఘపు పుస్తకములోనే యుండును. తిరిగివచ్చు సొమ్మును చేతిలోనున్న సొమ్ముగా ఎంచి లెక్కలు వేసికొనుట, పూత చూచి కాయలు అమ్ముకొనుటవంటిది.

న్యాయము మాట కూడ చెప్పవలసియున్నది. పంట ఋణము పంటకై ఇచ్చునది. దానిని డిపాజిటునకు మళ్లించుట ఋణపు షరతులకు విరుద్ధము. ఎవరికిని కష్టము కలుగలేదు గదాయని కొందరు అనవచ్చును. కాని కష్టము కలుగుచున్నది, కంటికి కనబడకుండ. వ్యవసాయ ఋణములను గూర్చి రిజర్వు బ్యాంకు నియమించిన అంతర్గత కార్యవర్గము 2019లో ఇచ్చిన నివేదికలో, కొన్ని రాష్ట్రములలో వ్యవసాయ ఋణము అచటి వ్యవసాయపు ఉత్పత్తి విలువనే మించియున్నదనియు, సొమ్ము వేరు పనులకు మళ్లుచున్నదేమో యనియు సూచించినది. ఇట్టి అనుమానము బలపడిన కొలది బ్యాంకులు కాగితములు మరింత గట్టిగా అడుగును. కాగితములు గట్టిగా నున్నవాడు పట్టణమున నున్న భూస్వామి. లేనివాడు కౌలురైతు, పోడురైతు. 2006 అటవీహక్కుల చట్టము క్రింద గిరిజనునకు దక్కిన పట్టా వారసులకు సంక్రమించును గాని, అమ్ముటకును బదలాయించుటకును వీలులేనిది. తాకట్టు పెట్టరాని ఆ పట్టాను చూచి వెనుకాడు బ్యాంకు అధికారికి మరియొక సాకు దొరకినట్లగును. 2025 జనవరి 1వ తేదీనుండి 2 లక్షల రూపాయల వరకు వ్యవసాయ ఋణములకు తాకట్టు అక్కరలేదని రిజర్వు బ్యాంకు చెప్పియున్నది. ఈ సంగతి పోడురైతు తెలిసికొని అడుగదగినది.

ఇంతవరకు రెండు వడ్డీలను చూచితిమి. మూడవది షావుకారు వడ్డీ. గుమ్మలక్ష్మీపురమును మేము ఎన్నుకొన్నది ముఖ్యముగా దీనికొరకే. మన్యములో వడ్డీ కథ పాతది, చేదైనది. 1917లోనే మద్రాసు ప్రభుత్వము ఏజెన్సీ ప్రాంతములకు ప్రత్యేకముగా ఒక చట్టము చేసి, కొండజాతివారిపై సాలునకు నూటికి 24 రూపాయలకు మించి వడ్డీ చెల్లదనియు, చక్రవడ్డీ కూడదనియు, మొత్తము వడ్డీ అసలును మించరాదనియు శాసించినది. అంతటి చట్టము అవసరమైనదన్నచో ఆనాటి వడ్డీలు ఎట్లుండెడివో ఊహించుకొనవచ్చును. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడి అడవి ఫలసాయమును కొనుటకును, నిత్యావసర వస్తువులు అమ్ముటకును పూనుకొన్నది. 1960లో షెడ్యూల్డు ప్రాంతముల వడ్డీ వ్యాపారుల నియంత్రణ నిబంధన వచ్చి, లైసెన్సు లేనిదే వడ్డీ వ్యాపారము చేయరాదన్నది. అయినను 1960–70 మధ్య ఈ కొండలలో చెలరేగిన శ్రీకాకుళ గిరిజనోద్యమమునకు భూమితోపాటు అప్పులును మూలకారణములు. అప్పు పత్రము వెంట భూమియు, పంటయు, కూలియు పోయిన చరిత్ర యిది.

షావుకారు వడ్డీకి ఒక లక్షణమున్నది. అది వడ్డీవలె కనబడదు. బ్యాంకు గోడమీద వడ్డీరేటు వ్రాసియుండును. సంఘపు పుస్తకములో నూటికి రూపాయి యని వ్రాసియుండును. షావుకారు రేటు మాత్రము ధరలో దాగియుండును. కొట్టు గడ్డుకాలమున ధాన్యము తెచ్చి పంటకాలమున దానికి సగము కలిపి కొలుచు నాము పద్ధతి ఒకటి. చెట్టుమీద కాయ యుండగనే బయానా పుచ్చుకొని, ముందుగా కుదిరిన ధరకు సరకు తోలుట మరియొకటి. ఒక గృహిణి నాలుగు నెలలు ముందుగా 1,000 రూపాయలు పుచ్చుకొని, కిలో 20 రూపాయల చొప్పున 50 కిలోల చింతపండు ఇచ్చుటకు ఒప్పుకొన్నదనుకొందము. సంతలో ఆ దినమున కిలో 30 రూపాయలు పలికినచో ఆమె ఇచ్చిన సరకు విలువ 1,500. వేయి రూపాయలకు నాలుగు నెలలలో 500 వడ్డీ. నెలకు పన్నెండున్నర, సాలునకు నూటికి 150. ఆమె మాత్రము తాను వడ్డీయే ఇవ్వలేదనుకొనును. చింతపండు ఇచ్చితి, బాకీ తీరినది అని నిట్టూర్చును.

ఇప్పుడు మన ప్రశ్నకు మరల రండు. ఒక కుటుంబము బయట 20,000 రూపాయలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చియున్నది. సాలునకు వడ్డీయే 7,200. అదే కుటుంబమునకు సంఘమునుండి 20,000 ఋణము నూటికి రూపాయి వడ్డీకి, అనగా మన పెద్దలు ధర్మవడ్డీ యనుదానికి, దొరకినది. ఆ సొమ్మును ఏమి చేయవలెను? ఆరున్నర రూపాయలకు డిపాజిటు చేసినచో వచ్చునది 1,300. సంఘమునకు కట్టవలసినది 2,400. షావుకారు వడ్డీ యథాతథము. అట్లుగాక ఆ సొమ్ముతో షావుకారు బాకీ తీర్చినచో 7,200 ఆగిపోయి, 2,400 మాత్రము మిగులును. ఇంటిలో 4,800 నిలిచినది. బ్యాంకు వడ్డీ 7 రూపాయలకే దొరకినచో నిలుచునది 5,800. నూటికి 36 రూపాయల వడ్డీ నిచ్చు డిపాజిటు ఈ దేశములో ఏ బ్యాంకును ఇయ్యదు. కాని నూటికి 36 పడుచున్న బాకీని తీర్చుట సరిగా అట్టి డిపాజిటే. చెల్లింపకుండ తప్పించుకొన్న వడ్డీ, సంపాదించిన వడ్డీతో సమానము. దానికి గడువు షరతు లేదు, రాయితీకై ఎదురుచూపు లేదు.

అసలుకంటె వడ్డీ ముద్దు అని సామెత. అది ఇచ్చినవాని మాట. తెచ్చినవానికి అసలు తీరుటయే ముద్దు. కాబట్టి చవుక ఋణము చేతికి వచ్చిన దినమున గృహస్థు వేసికొనవలసిన మొదటి ప్రశ్న – దీనిని ఎచ్చట వేసిన వడ్డీ వచ్చునని కాదు; ఏ బాకీకి ఇంతకంటె హెచ్చు వడ్డీ పోవుచున్నదని. బాకీలను వడ్డీ వరుసలో వ్రాసికొని, పైదానిని ముందు కొట్టివేయవలెను. కాని ఒక హెచ్చరిక. బాకీ తీర్చిన తరువాత మరల అదే అంగడికి పోయి బయానా పుచ్చుకొన్నచో మనకు ఒక అప్పునకు బదులు రెండు అప్పులు మిగులును. రాష్ట్రములో సూక్ష్మఋణ సంస్థల వ్యవహారము ముదిరి, 2010 అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసివచ్చినప్పుడు చూచినది ఇదే. ఒక సంస్థ వాయిదాకు మరియొక సంస్థ అప్పు, దాని వాయిదాకు ఇంకొకటి. కొత్త అప్పు పాత అప్పును చంపవలెను. దానికి తోడుగా కూర్చుండరాదు.

బయట బాకీ లేని కుటుంబము మాటయేమి? వారికిని ఈ లెక్క ఒక మంచి దారి చూపుచున్నది. సొమ్మును ఋణఖాతానుండి పొదుపునకు మళ్లించుట కాదు. పొదుపునుండి ఋణఖాతాకు మళ్లించుట. జీడిపిక్కలు అమ్మగా 40,000 వచ్చినవనుకొందము. కిసాన్ కార్డులో అంతకు తగ్గని బాకీ యున్నది. రెండు నెలల తరువాత నాట్లకు ఆ సొమ్ము కావలెను. ఈ రెండు నెలలు పొదుపు ఖాతాలో నుంచినచో రెండున్నర చొప్పున వచ్చునది 167 రూపాయలు. కార్డు ఖాతాలోనే వేసినచో 7 రూపాయల వడ్డీ చొప్పున ఆగునది 467 రూపాయలు. తేడా 300 రూపాయలు. పరిమితిలోపల మరల తీసికొను వీలున్నది కనుక నాట్లకు ఆటంకము లేదు. ఖాతా చెల్లుబాటు తేదీని, తిరిగి తీసికొను వీలును మాత్రము ముందుగా బ్యాంకులో రూఢి చేసికొనవలెను. ఓవర్‌డ్రాఫ్టునుండి పొదుపు వడ్డీ సంపాదించు మార్గమేదైన ఉన్నచో, న్యాయమైనది ఇదియే: మన సొమ్మును మన అప్పుమీదనే పొదుపు చేయుట.

సంఘములు ఎరుగవలసిన మరియొక సంగతి. అప్పు ఇచ్చునప్పుడు అందులో కొంత డిపాజిటుగా నుంచుడని గాని, పొదుపు ఖాతాను కదల్పరాదని గాని ఎవరైన అన్నచో అది మన చమత్కారమునకు తలక్రిందులు. సంఘము తన సొమ్ముపై రెండున్నర తీసికొనుచు, అదే సొమ్మువంటి సొమ్మునకు ఏడు కట్టుచుండును. 10 లక్షల రూపాయల వరకు సంఘఋణములకు పొదుపు ఖాతాను ఈడుగా పట్టరాదనియు, డిపాజిటుకై ఒత్తిడి చేయరాదనియు రిజర్వు బ్యాంకు ఆదేశములు స్పష్టముగా చెప్పుచున్నవి. ఈ మాట తెలిసిన సంఘాధ్యక్షురాలు మర్యాదగా అడిగిన చాలును. సంఘపు పొదుపు బ్యాంకులో నిద్రించుటకంటె, సభ్యురాలి చదువుకో వైద్యమునకో ధర్మవడ్డీకి పోయి తిరిగివచ్చుట మేలు. ఆ వడ్డీ సంఘమునకే చేరును. తుదకు సభ్యులదే యగును.

చివరకు జన్ ధన్ ఖాతాలోని ఆ పదివేల ఓవర్‌డ్రాఫ్టు. దానిని తీసి ఎచ్చటనో వడ్డీకి వేయుటలో లాభము లేదని చూచితిమి. మరి దాని ప్రయోజనమేమి? ఎడింబరో వర్తకుని జ్ఞప్తికి తెచ్చుకొందము. సొమ్ము రాక మునుపే ఖర్చు వచ్చిపడు ఎడమును దాటించుటకు అది పుట్టినది. మన్యములో ఆ ఎడము ఆషాఢ, శ్రావణ, భాద్రపద మాసములు. నిరుటి ధాన్యము నిండుకొనియుండును, కొత్తపంట చేతికి రాదు, జ్వరముల కాలము. బయానాలు పుట్టునది అప్పుడే. ఆ మూడు నెలలకు 10,000 రూపాయలు నూటికి ఐదు రూపాయల వడ్డీకి బయట తెచ్చినచో వడ్డీ 1,500. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టు సాలునకు 10 రూపాయల రేటున వాడినచో 250. మిగిలిన 1,250 రూపాయలు ఒక పిల్లవాని పుస్తకములు కావచ్చును. అంతకుమించి, ఫాల్గుణమున పండు చింతచెట్టు ఇంటివారి చేతిలోనే నిలుచును. కాయ పండినప్పుడు గిరిజన సహకార సంస్థ ధర, సంత ధర రెండును విచారించుకొని, నచ్చినచోట అమ్ముకొను స్వేచ్ఛ ఆ గృహిణిదగును.

అందుకు ఆ ఓవర్‌డ్రాఫ్టు తక్కిన కాలములో వాడకుండ, ఖాళీగా నుండవలెను. వాడని ఓవర్‌డ్రాఫ్టుపై వడ్డీ లేదు. అది గాదెలో నున్న విత్తనమువంటిది. మామూలు దినములలో దానిని వండుకొనరాదు. ఖాతాను నడుపుచు, అర్హత ఎంతో వానలకు ముందుగానే బ్యాంకులో విచారించుకొనవలెను. జ్వరము వచ్చిన దినమున దరఖాస్తు వ్రాసిన ప్రయోజనము తక్కువ.

అప్పు తెచ్చి పొదుపు చేయవచ్చునా యని అడిగితిమి. రెండు వడ్డీల నడుమ సందు దొరకినప్పుడు చేయవచ్చునని లెక్క చెప్పుచున్నది. కాని ఆ సందు ఇతరులు తెరచినది, ఒక తేదీకి కట్టుబడినది, మరియొకరి అవసరమునకై ఉద్దేశించినది. అంతకంటె వెడల్పైన సందు ప్రతి ఇంటి బాకీలపట్టీలోనే యున్నది. చవుక ఋణము ఖరీదైన ఋణమును తీర్చిన దినమున ఆ ఇంటికి వచ్చు వడ్డీని ఏ బ్యాంకును ఇయ్యజాలదు. ఈ రాత్రి దీపము వెలుగున ఇంటిల్లిపాది కూర్చుండి, ఎవరికెంత బాకీ, నెలకు నూటికెంత, అది సొమ్ములోనా సరకులోనా అని ఒక కాగితముమీద వ్రాసి చూచుకొందురుగాక. ధరలో దాగిన వడ్డీని కూడ మరువక వ్రాయవలెను. అందులో పైవరుసన ఏ పేరు నిలుచునో, రాబోవు మొదటి చవుక రూపాయి అక్కడికి పోవలెను.